157 దేశాలు గుర్తించాయి సరే, పాలస్తీనా ఎక్కడుంది?

పాతపేపరు | శనివారం, రాత్రి 9.10

మొన్న మా అబ్బాయి పోటీ పరీక్షల పుస్తకం ముందేసుకుని, "నాన్నా, పాలస్తీనాను ఎన్ని దేశాలు గుర్తించాయి?" అని అడిగాడు. 2025 సెప్టెంబరు 21న బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, పోర్చుగల్ ఒక్క రోజే గుర్తించాయి, మర్నాడు ఫ్రాన్స్ చేరింది, మొత్తం 157 దాకా వచ్చాయని చెప్పాను. "మనం?" అన్నాడు. 1988 నవంబరులోనే, అల్జీర్స్‌లో వాళ్లు స్వాతంత్ర్యం ప్రకటించిన మూడు రోజులకే అన్నాను కాస్త గొప్పగా. "మరి ఈ ముప్పై ఏడేళ్లలో ఏమైంది?" అన్నాడు. నా గొప్ప అక్కడితో ఆగిపోయింది.

ఎవరిది న్యాయం అన్న గొడవ ఈ వేదికలో ఇదివరకే నాలుగుసార్లు జరిగింది, నాలుగుసార్లూ తాళం పడింది. ఈసారి నా ప్రశ్న వేరు. దేశం ఏర్పడడానికి అసలు అడ్డం ఏమిటి? ఏర్పడితే ఎవరికి ఏమవుతుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

న్యాయవాది_విశాఖ | రాత్రి 9.42

1933 నాటి మాంటెవీడియో ఒప్పందం ప్రకారం దేశమనిపించుకోవాలంటే స్థిరమైన జనాభా, నిర్దిష్టమైన భూభాగం, ప్రభుత్వం, ఇతర దేశాలతో వ్యవహరించే శక్తి ఉండాలి. ఇవి ఉంటే ఎవరూ గుర్తించకపోయినా దేశం దేశమేనని కూడా అదే ఒప్పందం అంటుంది. పాలస్తీనా విషయంలో ఈ లెక్క తలకిందులైంది. గుర్తింపు దండిగా ఉంది, మిగతావే చేతికి అందడం లేదు.

ఐక్యరాజ్యసమితిలో సభ్యత్వం కావాలంటే ముందు భద్రతా మండలి సిఫారసు చేయాలి, ఆపైన జనరల్ అసెంబ్లీలో మూడింట రెండొంతుల ఓట్లు పడాలి. 2024 ఏప్రిల్ 18న మండలిలో 12 దేశాలు సరేనన్నాయి, బ్రిటన్, స్విట్జర్లాండ్ తటస్థంగా ఉన్నాయి, అమెరికా వీటో వేసింది. మే 10న జనరల్ అసెంబ్లీలో మనతో సహా 143 దేశాలు అనుకూలంగా ఓటేశాయి. దానివల్ల దక్కింది అక్షరక్రమంలో మిగతా దేశాల మధ్య ఒక కుర్చీ, తీర్మానాలు పెట్టే వీలు. ఓటు హక్కు రాలేదు. 2012లో 138 ఓట్లతో వచ్చిన పరిశీలక దేశం హోదాయే నేటికీ నడుస్తోంది.

ఆ హోదా వట్టిదని మాత్రం అనకండి. దాని బలంతోనే 2015లో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టులో చేరగలిగారు. 2024 నవంబరులో ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు, మాజీ రక్షణ మంత్రి గాలంట్‌లతో పాటు గాజాలోని సాయుధ సంస్థ హమాస్ నాయకుడు దైఫ్ మీద కూడా వారెంట్లు వచ్చింది ఆ దారిలోనే.

అల్లంపచ్చడి | రాత్రి 9.58

ఒలింపిక్స్‌లో 1996 నుంచి వాళ్ల జట్టు ఉంది. ఫిఫాలో 1998 నుంచి సభ్యత్వం ఉంది. బంతి తన్నడానికి దేశం, ఓటు వేయడానికి పరిశీలకుడు. ఇంత సౌకర్యవంతమైన లోకజ్ఞానం ఇంకెక్కడా చూడలేదు.

గోదావరిగట్టు | రాత్రి 10.25

నేను చట్టాలు చదువుకున్న మనిషిని కాను. 2019లో మా సంఘం వాళ్లతో యెరూషలేము యాత్రకు వెళ్లాను, అక్కడ చూసింది చెబుతాను.

యెరూషలేము నుంచి బేత్లెహేముకు దూరం ఎంతో తెలుసా? మా నర్సాపురం నుంచి పాలకొల్లు ఎంతో అంత. పది కిలోమీటర్లు లేదు. బస్సులో పాట ఒకటి ఎత్తుకుని పూర్తి చేసేలోపు చెక్‌పోస్టు వచ్చింది. రెండు నిలువుల ఎత్తు దాటిన కాంక్రీటు గోడ. అప్పటిదాకా మాకు అన్నీ వివరించిన గైడు దిగిపోయాడు. అటువైపు ఇంకొకాయన ఎక్కాడు, పాలస్తీనా క్రైస్తవుడు. ఎందుకు మారారని అడిగితే రోడ్డు పక్కన ఎర్ర బోర్డు చూపించాడు. ఇది పాలస్తీనా అథారిటీ (వాళ్ల సొంత పాలక సంస్థ) కింద ఉన్న 'ఎ' ప్రాంతానికి పోయే దారి, ఇజ్రాయెల్ పౌరులు లోపలికి రాకూడదు, ప్రాణాపాయం అని మూడు భాషల్లో రాసి ఉంది. అటు పోయేసరికి కార్ల నంబరు ప్లేట్ల రంగు మారింది, ఇళ్ల మీద నల్లటి నీళ్ల ట్యాంకులు వరుసగా కనబడ్డాయి. డబ్బులు మాత్రం మారలేదు. ఇటు షెకెల్, అటూ షెకెలే.

యేసు పుట్టిన గుడిలోకి వెళ్లాలంటే నడుము వంచి దూరాలి, గుమ్మం అంత చిన్నది. బయట ఒలీవ కర్రతో చేసిన పశువుల తొట్టి బొమ్మ కొన్నాను. ఆ దుకాణం ఆయన్ను, "మీరు యెరూషలేము గుడికి తరచుగా వెళ్తారా అయ్యా?" అని అడిగాను. క్రిస్మసుకో ఈస్టరుకో పర్మిట్ వస్తే వెళ్తాను, కిందటేడు నాకు వచ్చింది, మా ఆవిడకు రాలేదు అన్నాడు. ఏడు వేల రూపాయల విమానం టిక్కెట్టో డెబ్బై వేలదో కొనుక్కుని మేము వెళ్లి వచ్చాం. పక్క ఊరాయన వెళ్లలేడు.

చుక్కాని | రాత్రి 11.05

అమ్మా, మీరు చూసిన గోడ ఊరికే లేవలేదు. 2000 నుంచి 2005 దాకా రెండో ఇంతిఫాదా (పాలస్తీనియుల తిరుగుబాటు)లో బస్సుల్లో, హోటళ్లలో ఆత్మాహుతి దాడులు జరిగినప్పుడు కట్టిన గోడ అది.

అడ్డం ఏమిటని అడిగారు కాబట్టి నా జవాబు: 2005. ఆ ఏడు ఇజ్రాయెల్ గాజాలోని 21 యూదు స్థావరాలనూ (కాలనీలను) ఖాళీ చేసింది, సుమారు ఎనిమిది వేల మంది యూదులను తన సైన్యం చేతనే ఇళ్లలోంచి బయటికి నడిపించింది. 2006 జనవరి పాలస్తీనా పార్లమెంటు ఎన్నికల్లో హమాస్ 132 సీట్లలో 74 గెలిచింది. 2007 జూన్‌లో అథారిటీని నడిపే ఫతా పార్టీ వాళ్లను తరిమి గాజాను చేతుల్లోకి తీసుకుంది. ఆ తర్వాత రాకెట్లు, సొరంగాలు, చివరికి 2023 అక్టోబరు 7: దాదాపు 1,200 మంది చనిపోయారు, 251 మందిని ఎత్తుకుపోయారు. ఇప్పుడు జోర్డాన్ నది పక్కనున్న వెస్ట్ బ్యాంక్ కొండలను కూడా వదలమంటే ఏ ఇజ్రాయెల్ పౌరుడు నమ్ముతాడు? నెతాన్యా దగ్గర ఆ దేశం వెడల్పు 15 కిలోమీటర్లు. ఆ కొండల మీద నిలబడితే బెన్ గురియన్ విమానాశ్రయం కనబడుతుంది. నేను ఎవరి తరఫునా వకాల్తా పుచ్చుకోవడం లేదు, భయం ఉత్తదని అనుకోవద్దంటున్నాను.

ఎర్రమట్టి | రాత్రి 11.31

చుక్కాని గారూ, 2005 కథలో సగమే చెప్పారు. స్థావరాలు ఎత్తేశారు కానీ గాజా గగనతలం, సముద్రం, ఒక్క ఈజిప్టు వైపు తప్ప దారులన్నీ వాళ్ల చేతిలోనే ఉంచుకున్నారు. అదే గాజాకు 1998లో విమానాశ్రయం ఉండేది, క్లింటన్ వెళ్లి వచ్చాడు. 2001లో రాడార్, రన్‌వే ధ్వంసం చేశారు. 365 చదరపు కిలోమీటర్ల నేల, ఇరవై లక్షలు దాటిన జనం. మన పాత జీహెచ్ఎంసీ విస్తీర్ణంలో సగం కొంచెం పైన.

అసలు అడ్డం వెస్ట్ బ్యాంక్‌లో ఉంది. ఇజ్రాయెల్, పాలస్తీనా నాయకుల మధ్య 1995లో కుదిరిన ఓస్లో రెండో ఒప్పందం ఆ నేలను మూడుగా కోసింది. పాలస్తీనా పూర్తి పెత్తనం ఉన్న 'ఎ' 18 శాతం, సగం సగం పెత్తనం ఉన్న 'బి' 22 శాతం, ఇజ్రాయెల్ చేతిలో ఉన్న 'సి' 60 శాతం. అయిదేళ్ల తాత్కాలిక ఏర్పాటన్నారు. ముప్పై ఏళ్లయింది. ఆ 'ఎ', 'బి' కూడా ఒక ముక్క కాదు, రెండూ కలిపి నూటయాభైకి పైగా తునకలు. మధ్యలో అయిదు లక్షల మంది యూదు స్థావరవాసులు. తూర్పు జెరూసలేంలో ఉన్న రెండు లక్షల పైచిలుకు మంది దీనికి అదనం. 2025 ఆగస్టులో జెరూసలేం పక్కన ఈ1 పథకానికి అనుమతి ఇచ్చారు, సుమారు 3,400 ఇళ్లు. అవి లేస్తే వెస్ట్ బ్యాంక్ ఉత్తరం ఒకటి, దక్షిణం ఒకటి అయిపోతుంది. పాలస్తీనా దేశం అన్న ఆలోచనను దీనితో పాతిపెడుతున్నామని ఇజ్రాయెల్ ఆర్థిక మంత్రి స్మోట్రిచ్ దాపరికం లేకుండానే చెప్పాడు. 2024 జులైలో వాళ్ల పార్లమెంటు పాలస్తీనా దేశాన్ని వ్యతిరేకిస్తూ 68-9తో తీర్మానం చేసింది. మర్నాడే అంతర్జాతీయ న్యాయస్థానం ఈ ఆక్రమణ చట్టవిరుద్ధమని అభిప్రాయం ఇచ్చింది. భయం నిజమే కావచ్చు. భయపడేవాడు కొండ మీద ఇల్లెందుకు కడతాడండీ, పిల్లల్ని తీసుకెళ్లి?

లెక్కలమాస్టారు | ఆదివారం, ఉదయం 6.50

రాత్రి మీరంతా మ్యాపుల మీద కొట్టుకున్నారు. నేను ఖజానా సంగతి చెబుతాను, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

1994లో పారిస్ ఒప్పందం ఒకటి కుదిరింది. పాలస్తీనాకు వచ్చే సరుకు చాలావరకు ఇజ్రాయెల్ రేవులు, దారుల మీదుగా రావాలి కనుక సుంకాలూ, అమ్మకం పన్నులూ ఇజ్రాయెలే వసూలు చేసి, 3 శాతం తన కూలి కింద ఉంచుకుని, మిగతాది నెలనెలా పాలస్తీనా అథారిటీకి ఇవ్వాలి. అథారిటీ ఆదాయంలో ఇదే సుమారు మూడింట రెండు వంతులు. ఖైదీల కుటుంబాలకు మీరిచ్చే భత్యం ఉగ్రవాదానికి ప్రోత్సాహం అంటూ 2019 నుంచి ఆ మేరకు కోత పెట్టారు. 2023 అక్టోబరు తర్వాత గాజా వాటా ఆపారు. 2025 మే నుంచి మొత్తానికే నిలిపేశారు. ఆ భత్యం పద్ధతిని రద్దు చేస్తున్నానని 2025 ఫిబ్రవరిలోనే అథారిటీ అధ్యక్షుడు అబ్బాస్ ఉత్తర్వు ఇచ్చాడు, అయినా సొమ్ము కదల్లేదు. ఉపాధ్యాయులకు, పోలీసులకు ఏళ్ల తరబడి పూర్తి జీతం లేదు.

జీఎస్టీ పరిహారం ఒక నెల ఆలస్యమైతే మన రాష్ట్రాలు పెట్టే గగ్గోలు గుర్తు చేసుకోండి. ఇక్కడ గుమాస్తా పక్కింటివాడు, గల్లాపెట్టె తాళం పక్కింటివాడిది, పైగా ఆ పక్కింటివాడితోనే తగువు. సొంత నాణెం లేదు, రిజర్వు బ్యాంకు లాంటి సంస్థ పేరుకు ఉంది కానీ నోటు అచ్చు వేయలేదు. ధరలు పెరిగితే వడ్డీ పెంచే వీలు కూడా లేదు. రేపు 193 దేశాలూ గుర్తించినా ఒకటో తారీఖు జీతం ఈ ఒప్పందం మారితేనే పడుతుంది.

టవరుమనిషి | ఉదయం 8.15

మాస్టారు చెప్పినట్టే మా టెలికాం రంగంలో కూడా. గాలిలో తరంగాల కేటాయింపు కూడా ఇజ్రాయెల్ అనుమతితోనే. వెస్ట్ బ్యాంక్‌లో 3జీ మొదలైంది 2018 జనవరిలో. అప్పటికి మనం జియో 4జీతో సినిమాలు చూస్తున్నాం. గాజాకు ఆ 3జీ కూడా రాలేదు. టవర్ కోసం పెట్టెలు దిగుమతి చేసుకోవాలన్నా అనుమతి కావాలి.

మామిడితోట | ఉదయం 9.02

ఇదంతా వింటే మన విభజన గుర్తొస్తోంది. ఉమ్మడి రాజధాని పదేళ్లు, నీళ్ల పంపకం, ఆస్తుల పంపకం. జెరూసలేంను కూడా అలా ఉమ్మడిగా పెట్టుకోకూడదా?

లెక్కలమాస్టారు | ఉదయం 9.10

తమ్ముడూ, మనకు గొడవ వస్తే ఢిల్లీ ఉంది, సుప్రీంకోర్టు ఉంది. బస్సెక్కితే విజయవాడ నుంచి హైదరాబాద్‌కు పర్మిట్ అడిగేవాడు లేడు. ఆ పోలిక ఇక్కడ దింపేయండి.

పాతబస్తీ_చదువరి | ఉదయం 10.20

విభజన వద్దు కానీ హైదరాబాద్ పోలిక ఇంకొకటి ఉంది. 1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం భారతదేశం మీద భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబరు 16న పారిస్‌లో దాన్ని చర్చకు తీసుకున్నప్పుడు మొదటి ప్రశ్నే, అసలు హైదరాబాద్ ఒక దేశమా, ఫిర్యాదు చేసే అర్హత దానికుందా అని. మర్నాడు 17న ఇక్కడ యుద్ధం ఆగిపోయింది, నిజాం లొంగిపోయాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన అవసరమే లేకపోయింది.

అదే 17వ తేదీన జెరూసలేంలో ఐరాస మధ్యవర్తి బెర్నడోట్‌ను యూదు తీవ్రవాదులు కాల్చి చంపారు. రెండు వార్తలు ఒకే రోజువి. నేను ఏ నీతీ తీయడం లేదు. మా తాతగారు ఆ రోజు రేడియో దగ్గర కూర్చున్నారట, ఆయనకు రెండో వార్త గుర్తులేదు.

చుక్కాని | ఉదయం 11.00

మాస్టారి పద్దు నాకు కొత్త సంగతి, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ గల్లాపెట్టె తాళం రేపు ఎవరి చేతికి ఇవ్వాలి? అబ్బాస్ 2005 జనవరిలో నాలుగేళ్ల పదవికి ఎన్నికయ్యాడు. ఇప్పటికీ ఆయనే. వయసు తొంభై. 2021లో ఎన్నికలని ప్రకటించి వాయిదా వేశాడు. 2025 ఏప్రిల్‌లో హుసేన్ అల్ షేక్‌ను ఉపాధ్యక్షుడిగా పెట్టుకున్నాడు, దానికీ ఓటు లేదు. వెస్ట్ బ్యాంక్ ఊరు రామల్లాలో ఒక ప్రభుత్వం, గాజాలో ఇంకో తుపాకీ. మాంటెవీడియో అడిగిన మూడో షరతు ప్రభుత్వమే కదా?

ఎర్రమట్టి | ఉదయం 11.24

అబ్బాస్‌ను సమర్థించేవాణ్ని కాను. అక్కడి కుర్రాళ్లు ఆయన్ను మనకంటే ఎక్కువ తిడతారు. కానీ జెరూసలేంలోని పాలస్తీనియులను ఓటు వేయనివ్వడం లేదన్నది ఆ వాయిదాకు ఆయన చెప్పిన కారణం. సాకో నిజమో, ఆ సాకు దొరకనిచ్చింది ఎవరు? పైగా మీలాంటి వాళ్లు ఎప్పుడూ

[ఇక్కడ రెండు వాక్యాలు తొలగించాను. సభ్యుల జాతీయతను, దేశభక్తిని ప్రశ్నించవద్దు. ఎర్రమట్టి గారూ, చుక్కాని గారూ, ఇద్దరూ టీ తాగి రండి. – నిర్వాహకుడు]

జగిత్యాల_పరదేశి | మధ్యాహ్నం 1.45

నేను ఇజ్రాయెల్ ఊరు రామత్ గాన్‌లో కేర్‌గివర్‌గా పదేళ్లుగా పనిచేస్తున్నాను. ఈ రోజు నేను చూసుకునే మా తాతకు జ్వరం తగ్గి నిద్రపోయాడు కనుక రాసే తీరిక దొరికింది.

మా తాత వయసు 84. పుట్టింది బాగ్దాద్‌లో. 1951లో ఇరాక్ నుంచి యూదులను విమానాల్లో తరలించినప్పుడు పదేళ్ల పిల్లవాడిగా వచ్చాడట. వాళ్లకు అక్కడ రెండంతస్తుల ఇల్లు, బట్టల కొట్టు ఉండేవి, అన్నీ వదిలి ఒక పెట్టెతో వచ్చారు. టీవీలో పాలస్తీనా ముసలమ్మ 1948 నాటి ఇంటి తాళంచెవి చూపిస్తుంటే ఈయన, "మా తాళంచెవి ఎవరికి చూపించాలి?" అంటాడు. కోపంగా అనడు, ఊరికే అంటాడు. అరబ్బీ పాటలు వింటాడు, ఆ ముసలమ్మ వినేవే అయి ఉంటాయి. రెండు దేశాలు అనే మాట ఆయనకు ఓస్లో రోజుల్లో నచ్చేదట, ఊరేగింపులకు కూడా వెళ్లాడట. ఇప్పుడు ఆ మాటెత్తితే చేయి ఊపేస్తాడు. 2025 జూన్‌లో ఇరాన్ క్షిపణులు పడ్డ పన్నెండు రోజులూ ఆయన్ను చక్రాల కుర్చీలో మెట్ల కింది షెల్టరుకు దించి, ఎక్కించి నా నడుము పట్టేసింది.

ఇంకో సంగతి. అక్టోబరు 7కు ముందు మా వీధిలో అపార్ట్‌మెంట్ కడుతున్నది వెస్ట్ బ్యాంక్ కూలీలు. తెల్లవారుజామున మూడింటికి చెక్‌పోస్టు వరుసలో నిలబడి ఏడింటికి పనికి వచ్చేవాళ్లు. వాళ్లలో ఒక మేస్త్రీ నన్ను చూస్తే "హింద్! అమితాబ్!" అనేవాడు. యుద్ధం రాగానే లక్షకు పైగా పర్మిట్లు ఒక్కసారిగా రద్దయ్యాయి. కట్టడం ఆరు నెలలు మొండిగోడలతో నిలిచింది. తర్వాత మనవాళ్లు వచ్చారు, ఉత్తరప్రదేశ్ వాళ్లు, హర్యానా వాళ్లు, తెలంగాణ నుంచి కూడా. జీతం లక్షకు పైన, ఇంటి దగ్గర అప్పులు తీరుతాయి. నేను నిజామాబాద్ తమ్ముడొకడికి ఆ కట్టడం దగ్గరే గది చూసిపెట్టాను. ఆ మేస్త్రీ ఏమయ్యాడో తెలియదు, ఫోను నంబరు ఎప్పుడూ అడగలేదు.

గోదావరిగట్టు | మధ్యాహ్నం 2.10

జాగ్రత్త నాయనా. నడుముకు వేడినీళ్ల కాపడం పెట్టుకో.

న్యాయవాది_విశాఖ | మధ్యాహ్నం 3.30

పరదేశి గారి పోస్టు చదివాక పాతపేపరు గారి రెండో ప్రశ్నకు వస్తాను, ఏర్పడితే ఏమవుతుందని.

ఐరాస సహాయ సంస్థ జాబితాలో ఉన్న శరణార్థులు 59 లక్షల మంది. జోర్డాన్, లెబనాన్, సిరియా, గాజా, వెస్ట్ బ్యాంక్‌లలో ఉన్నారు. దేశం వస్తే వాళ్లు ఆ కొత్త దేశానికి వస్తారా, 1948లో వదిలిన ఊళ్లకే వెళ్తామంటారా? రెండోదానికి ఇజ్రాయెల్ ఒప్పుకోదు, తన దేశంలో యూదులు మైనారిటీ అవుతారని. మొదటిదానికి నేల చాలదు. 2000లో క్యాంప్ డేవిడ్, 2001లో తాబా, 2008లో ఇజ్రాయెల్ ప్రధాని ఓల్మర్ట్ ప్రతిపాదన, చర్చలు ఎంత దగ్గరికి వచ్చినా ఈ ముడి దగ్గరా జెరూసలేం దగ్గరా చిక్కుకునేవి.

ఇంకోటి, గాజాకూ వెస్ట్ బ్యాంక్‌కూ మధ్య దగ్గరి చోట నలభై కిలోమీటర్లు ఇజ్రాయెల్ నేల. 1999 అక్టోబరులో రెంటి మధ్య రాకపోకలకు ఒక దారి తెరిచారు, ఏడాదికే మూసేశారు. రెండు ముక్కల దేశం ఎలా నడుస్తుందో పాకిస్తాన్‌ను చూసిన మనకు వేరే చెప్పాలా? అక్కడ మధ్యలో ఉన్నది మనమే.

దేశమైతే బాధ్యతా వస్తుంది. ఇవాళ గాజా నుంచి రాకెట్ లేస్తే అది ఒక సంస్థ పని. రేపు అది ఒక దేశం మరో దేశం మీద చేసిన దాడి. పాలస్తీనా నాయకుల్లో కొందరికి కూడా ఈ అస్పష్టత సుఖంగానే ఉందేమోనని నా అనుమానం. ఇజ్రాయెల్‌కు ఎలాగూ సుఖమే.

చుక్కాని | సాయంత్రం 5.15

టీ తాగి వచ్చాను. న్యాయవాది గారి ఆఖరి మాటతో ఏకీభవిస్తున్నాను, మొదటిసారి. 2025 సెప్టెంబరు 12న జనరల్ అసెంబ్లీలో 142 ఓట్లతో నెగ్గిన న్యూయార్క్ ప్రకటనలో హమాస్ ఆయుధాలు అప్పగించాలని రాసి ఉంది, అరబ్బు దేశాలు కూడా ఒప్పుకున్నాయి. మన దేశం కూడా ఓటేసింది. నవంబరు 17న భద్రతా మండలి 2803 తీర్మానం చేసింది. అథారిటీ సంస్కరణలు జరిగి, గాజా పునర్నిర్మాణం సాగితే దేశానికి దారి ఏర్పడవచ్చు అన్నారు. "వచ్చు" అన్న ఆ రెండక్షరాల మీదే అందరూ సంతకం చేశారు.

ఎర్రమట్టి | సాయంత్రం 5.40

సంతకం అందరూ చేయలేదు, రష్యా, చైనా తటస్థంగా ఉన్నాయి. గాజా ఆరోగ్య శాఖ లెక్కలో చనిపోయినవాళ్లు 70 వేలు దాటిన నెల అది. ఆ "వచ్చు" మీద కోపం మాత్రం మనిద్దరిదీ ఒకటే అనుకుంటాను.

అల్లంపచ్చడి | సాయంత్రం 5.44

ఈ తేదీ రాసి పెట్టుకోండి. వీళ్లిద్దరూ ఏకీభవించారు.

పాతపేపరు | రాత్రి 8.30

అందరికీ కృతజ్ఞతలు. మా అబ్బాయి మొత్తం చదివాడు. 1947 నవంబరు 29న ఐరాసలో పాలస్తీనా విభజన తీర్మానానికి వ్యతిరేకంగా ఓటేసిన 13 దేశాల్లో మనమూ ఉన్నామని వాడే నాకు చెప్పాడు. ఒకే సమాఖ్య దేశంగా ఉంచమని అడిగామట. ఇప్పుడేమో రెండు దేశాలంటున్నాం. చెరిపేసిన జవాబే మళ్లీ సరైన జవాబయ్యే ప్రశ్నలు పరీక్షలో రాకూడదని వాడి ఫిర్యాదు.

గోదావరిగట్టు గారూ, వాడికి మీతో ఒక సందేహం ఉంది. బేత్లెహేములో మీ పాస్‌పోర్టు మీద పాలస్తీనా ముద్ర వేశారా?

గోదావరిగట్టు | రాత్రి 8.52

లేదు బాబూ. వేసేవాళ్లే కనబడలేదు. విమానాశ్రయంలో ఇజ్రాయెల్ వాళ్లు కూడా పాస్‌పోర్టు మీద ముద్ర వేయలేదు, ఒక చిన్న నీలం చీటీ ఇచ్చారు. ఆ చీటీతోనే బేత్లెహేము వెళ్లాం, ఆ చీటీతోనే తిరిగి వచ్చాం. వచ్చేటప్పుడు చెక్‌పోస్టు దగ్గర ఒక పిల్ల సైనికురాలు బస్సెక్కి చూసింది, మా మనవరాలి ఈడు ఉంటుంది. మా చీటీలు చూడకుండానే చాలు చాలు అని దిగిపోయింది. పాలస్తీనా గైడు ఆ గోడ దగ్గరే నిలబడి చేయి ఊపాడు.